వస్తుశాలను చదవటం: నాంపల్లి, ఆబిడ్స్ పరిశీలన

వస్తు ప్రదర్శనశాలల పట్ల మన అభ్యుదయ సాహిత్యరంగంలో ఒక విచిత్రమైన ఉదాసీనత వున్నది. కావ్యాన్ని ప్రశ్నించాము. నవలను ప్రశ్నించాము. పాఠ్యపుస్తకాలలోని రాజుల పట్టికలను, యుద్ధాల తేదీలను చరిత్ర అనరాదని వాదించి చాలావరకు గెలిచాము. కాని అక్షరం వచ్చినవాడూ రానివాడూ కూడా కళ్ళతో చదువుకునే పుస్తకం ఒకటి నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్సు చెట్ల మధ్య తెరిచి వుంటే, దానిని విమర్శకు తగిన విషయంగా మనం గుర్తించినట్టు కనపడదు. మ్యూజియం అనేది సెలవురోజున పిల్లలకు చూపించే వినోదమని ఒకరు, పురావస్తు శాఖవారి వ్యవహారమని మరొకరు తోసివేస్తూ వచ్చాము. ఒక వస్తువును ఎక్కడ పెట్టారు, దేని పక్కన పెట్టారు, దాని కింద చీటీలో ఏమి రాశారు, ఏమి రాయలేదు అనేవి కూడా రచనే. రచన అయినప్పుడు దానికి దృక్పథం వుండితీరుతుంది.

మ్యూజియంలోకి వెళ్ళే చదువుకున్నవాళ్ళలో రెండు రకాల చూపులు కనపడతాయి. మొదటిది ఘనచరిత్ర చూపు. శాతవాహనుల నాణెం కంటపడగానే ఛాతీ పొంగుతుంది. కాకతీయ శిల్పం ముందు నిలబడగానే "మనవాళ్ళు" అనే మాట నోట వస్తుంది. ఆ శిల్పం చెక్కిన కాలంలో తన పూర్వులు పల్లకీలో వున్నారో, పల్లకీ మోస్తూ వున్నారో అన్న అనుమానం ఈ చూపుకు రాదు. రెండవది మన చూపు. నవాబుల హుక్కాలు, రాజుల కత్తులు, దేవుళ్ళ విగ్రహాలు, ఇదంతా దోపిడీ వర్గాల సామాను, ఇందులో శ్రమజీవికి ఏమున్నదని గేటు దగ్గరే తీర్పు చెప్పి పక్కనున్న శాసనసభ వైపు నినాదాలిస్తూ సాగిపోతాము. శ్రీశ్రీ "దేశచరిత్రలు" గేయంలో వేసిన ప్రశ్న, బ్రెహ్ట్ 1935లో చదువుకునే కార్మికుడి నోట పెట్టిన ప్రశ్న మనకు కంఠస్థం. కంఠస్థం కావటమే చిక్కుగా పరిణమించింది. ప్రశ్న అడిగితే చాలునన్న తృప్తి కలిగింది. జవాబు వెతకటానికి రాళ్ళ దగ్గరకు, లోహాల దగ్గరకు, నాణేల దగ్గరకు పోవాలన్న పట్టుదల సడలింది. ఈ రెండు చూపులూ పైకి విరోధుల్లా కనపడినా ఒక విషయంలో ఏకమవుతున్నాయి. రెండూ వస్తువును చూడవు.

నగరాన్ని తిరిగి చూడటం, చూసింది చెప్పటం మన సాహిత్యానికి కొత్త విద్య కాదు. వినుకొండ వల్లభరాయని పేర వున్న "క్రీడాభిరామం" అచ్చంగా ఆ పనే చేస్తుంది. (అది శ్రీనాథుడిదన్న వాదం సంగతి ఇక్కడ మనకు అక్కరలేదు.) గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు పట్టి తిరుగుతారు. వాళ్ళ కళ్ళకు ఆనినదేమిటి? రాజుగారి కొలువుకూటం కాదు. పూటకూళ్ళ ఇంటి భోజనం, దాని వెల, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, ఏకవీర గుడి, మైలారుభటుల సాహసకృత్యాలు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, మాచల్దేవి చిత్రశాల. ఇది విటుల కావ్యమని పండితులు చాలాకాలం చాటుగా చదివారు. ఆ ఇద్దరి చూపులో స్త్రీల పట్ల వున్న తేలికతనాన్ని నేను కప్పిపుచ్చబోవటం లేదు. అయినా నగరమంటే కోట ఒక్కటే కాదని, అన్నం అమ్మే ఇల్లు కూడా నగరమేనని ఆ కవికి తెలుసు. అలాగే ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశీకి పోతూ రాసిన దినచర్యలో మజిలీ మజిలీకి నీళ్ళు, బజారు, దారి, దొరికే సామాన్లు నమోదయ్యాయి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. ఆయన చూపు ఉద్యోగి చూపు. కాని అది వస్తువును వదలని చూపు.

ఈ రచనల విలువను మనకు పట్టి చూపినవాడు సురవరం ప్రతాపరెడ్డి. పాల్కురికి సోమనాథుడి నుంచి "శుకసప్తతి", "హంసవింశతి" దాకా కావ్యాలను జల్లెడపట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అని ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాశాడు. పుస్తకం 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. ఆయన కొంతకాలం బాధ్యతలు చూసిన రెడ్డి హాస్టలు ఈ ఆబిడ్స్ ప్రాంతంలోదే. 1918లో మొదలైన ఆ హాస్టలు తెలంగాణా చదువుకు చేసిన మేలు తెలిసినదే. సురవరంవారి పద్ధతికి నేను ఋణపడివున్నాను. కాని దాని పరిమితిని కూడా చెప్పవలసివుంది. కవి చూడనిదాన్ని ఆ పద్ధతి చూడలేదు. కుమ్మరి, మాదిగ, సాలె కావ్యంలో కనపడితే కవికి కనపడినంత మేరకే కనపడతారు. తరచు హాస్యానికో, ఉపమానానికో మాత్రమే. కుండ మాత్రం కవి అనుమతి అడగదు. నేలలో వుంటే వుంటుంది. అందువల్ల సాహిత్యం ఆపిన చోట వస్తువు అందుకుంటుందని నా అభిప్రాయం. తెలుగు ఎం.ఏ. పాఠ్యక్రమంలో ఒక్క రోజైనా విద్యార్థులను నాంపల్లి తీసుకుపోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక ఆ మ్యూజియం పుట్టుక. హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. గులాం యజ్దానీ దాని మొదటి అధిపతి. మ్యూజియం 1930లో ఏర్పడింది. తర్వాత దాని పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది: హైదరాబాదు మ్యూజియం, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మ్యూజియం, 2014 తర్వాత తెలంగాణ రాష్ట్ర మ్యూజియం. ఆ 1930వ సంవత్సరంలోనే జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. పల్లెల్లో వెట్టి, జాగీర్లలో లెక్కాజమాలేని వసూళ్ళు. రాజధానిలో అజంతా చిత్రాల పరిరక్షణకు ఇటలీ నుంచి రప్పించిన నిపుణులు. ఒకే ఖజానా ఈ రెండింటినీ నడిపింది. దీన్ని చూసి యజ్దానీ పాండిత్యాన్ని దర్బారు అలంకారమని కొట్టివేసేవాళ్ళు మనలో వున్నారు. అది తొందరపాటు. భూస్వామ్య రాజ్యం తన ప్రతిష్ఠ కోసం చేసిన పని అయినా అందులో పనిచేసిన మనుషుల శ్రమ శ్రమే, శాస్త్రం శాస్త్రమే.

మ్యూజియంలోని అజంతా నకళ్ళను ఉదాహరణగా తీసుకుందాం. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అజంతా చిత్రాలకు నకళ్ళు తీయించినప్పుడు నందలాల్ బోసు, అసిత్ హల్దార్‌లతో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజులుద్దీన్ అనే చిత్రకారులు కూడా పాల్గొన్నారు. బోసు పేరు అందరికీ తెలుసు. సయ్యద్ అహ్మద్ పేరు ఎందరికి తెలుసు? ఆయన తర్వాత నిజాం పురావస్తు శాఖలో చేరి అజంతా గుహల చీకట్లోనే ఎన్నో ఏళ్ళు గడిపాడు. గోడల మీది చిత్రాలను కాపాడటానికి 1920-22లో పూసిన లక్కపూత తర్వాత తర్వాత ముదురు రంగు తిరిగి కొన్నిచోట్ల చిత్రాన్నే కప్పింది. కనుక ఈ నకళ్ళు కేవలం నకళ్ళు కావు, ఒకనాటి గోడకు సాక్ష్యాలు. జీతానికి పనిచేసిన చిత్రకారుడి ఓర్పు వాటిలో వున్నది. మనం "నవాబుల వైభవం" అని వాటి ముందు నుంచి నడిచిపోతే ఆ ఓర్పును కూడా నవాబు ఖాతాలోనే వేసినట్టవుతుంది.

అయితే సంస్థానపు పురావస్తు శాఖ భాషలో తెలుగుకు చోటు లేదన్నది నిజం. దాని రాతలు ఇంగ్లీషులో, ఉర్దూలో. శాసనం తెలుగులో వున్నా దాని మీద చర్చ తెలుగులో జరగలేదు. ఇక్కడే నాంపల్లికి నడకదూరంలో పుట్టిన మరో పురావస్తు పరిశోధనను గుర్తుచేయాలి. సుల్తాన్‌బజారులో 1901 సెప్టెంబరులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1921 నవంబరులో వివేకవర్ధని సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేయగా, ఆ అవమానం నుంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ ఉద్యమపు పరిశోధన శాఖకే తర్వాత కొమర్రాజు లక్ష్మణరావు పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టారు. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు ఊళ్ళు తిరిగి శాసనాలకు నకళ్ళు తీసి పోగుచేశారు. 1935లో "తెలంగాణా శాసనములు" అచ్చయింది. ఒక వైపు సర్కారు జీతం, సర్కారు బండి. మరొక వైపు చందాలు, కాలినడక. ఈ రెండవ పరిశోధన కథ ఏ అద్దాల బీరువాలోనూ నాకు కనపడలేదు. శాసనాలు మాత్రం వుంటాయి, అవి ఎవరి కాళ్ళ అరుగుదలతో మన చేతికి వచ్చాయన్నది వుండదు.

మ్యూజియానికి వచ్చే సామాన్య జనం నేరుగా వెళ్ళేది మమ్మీ దగ్గరకు. శిల్పాల గదులు దాటేటప్పుడు వినపడే అడుగుల చప్పుడు అక్కడ ఆగుతుంది. చదువుకున్నవాళ్ళు ఈ గుంపును చూసి నవ్వుతారు. నేను నవ్వను. రెండువేల ఏళ్ళకు పైబడిన ఒక మనిషి దేహం ముందు మనిషి ఆగటం సహజం. ఆ గుంపులో వినపడే ప్రశ్నలు, ఎవరు ఈ పిల్ల, ఎట్లా చచ్చిపోయింది, ఇంత దూరం ఎవరు తెచ్చారు అనేవి, చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్నలే. చెప్పే కథ మాత్రం కొనుగోలు కథ. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌన్లకు కొన్నాడనీ, ఏడవ నిజాముకు కానుకగా ఇచ్చాడనీ, ఆయన మ్యూజియానికి ఇచ్చాడనీ ప్రసిద్ధి. కొన్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, వెల అన్నీ వున్నాయి. ఒక దేశపు ఆడపడుచు శవం బజారులో సరుకు ఎట్లా అయింది అన్నది లేదు. బ్రిటిషు సైన్యం 1882 నుంచి ఈజిప్టులో తిష్ఠవేసిన కాలం అది. సమాధులు తవ్వి యూరప్ మ్యూజియాలకు, షికారుకు వచ్చిన ధనికులకు అమ్ముకున్న కాలం అది. మన అమరావతి స్తూపపు పాలరాళ్ళు ఓడలెక్కి లండనుకు పోయినదీ ఆ సామ్రాజ్యపు దారినే. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన రాళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో ఈనాటికీ వున్నాయి. పోయిన మన రాళ్ళ గురించి బాధపడేవాడు, వచ్చిన ఈ పిల్ల గురించి ఏమంటాడు? 2016లో ఆ దేహం చెడిపోకుండా ప్రాణవాయువు చొరని అద్దపుపెట్టెలో పెట్టి రక్షణ ఏర్పాటు చేశారు. మంచిపనే. చీటీకి కూడా అటువంటి మరమ్మతు అవసరమున్నది.

నాకు అన్నిటికన్న ఎక్కువసేపు పట్టేది బిద్రీ సామాను దగ్గర. హుక్కా కుండలు, పాన్‌దాన్‌లు, కూజాలు. నల్లటి నేల మీద వెండి తీగెలు. "నవాబీ విలాసం" అని ఒక్కమాటలో తేల్చేయగలిగినంత సులభంగా కనపడే వస్తువులివి. ఇవి ఎలా తయారవుతాయో చూడండి. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి కరిగించి మట్టి అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేస్తారు. తెల్లటి లోహం మీద గీత కనపడదు గనుక మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద ఉక్కుమొనతో లతలు, పువ్వులు చేతితోనే గీస్తారు. ఆ గీతల వెంట ఉలితో సన్నటి కాలువలు తవ్వి, వెండి తీగెనో రేకునో వాటిలో సుత్తితో కూర్చుతారు. మళ్ళీ ఆకురాయి. పైని నలుపు పోయి వెండి, లోహం ఒకే తెలుపుగా కలిసిపోతాయి. అన్నాళ్ళ పనీ మాయమైనట్టే వుంటుంది. అప్పుడు బీదరు కోట నుంచి తెచ్చిన మట్టిని నవాసాగరంతో కలిపి, వేడిచేసిన వస్తువు మీద రుద్దుతారు. తుత్తునాగం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. చీకట్లోంచి లతలు బయటికి వస్తాయి. ఏ మట్టి పనికివస్తుందో పనివాడు నాలుక మీద వేసుకుని రుచి చూసి చెబుతాడు.

ఇది రసాయనశాస్త్రం కాదా? తరతరాలుగా, పుస్తకం లేకుండా, నాలుక మీద నిలిచిన రసాయనశాస్త్రం. 1851లో లండను మహాప్రదర్శనలో ఈ పనితనాన్ని చూసి యూరపువాళ్ళు అబ్బురపడ్డారు. పనివాడి బ్రతుకు మారిందా అంటే లేదు. హుక్కా తాగినవాడి బిరుదులు బారెడు దొరుకుతాయి. నాలుకతో మట్టిని పరీక్షించినవాడి పేరు దొరకదు. మన మ్యూజియాలలో చీటీలు సాధారణంగా వస్తువు పేరు, లోహం, శతాబ్ది చెప్పి వూరుకుంటాయి. పక్కన ఒక ఉలి, ఒక ఆకురాయి, పిడికెడు ఆ మట్టి పెట్టి, పై నాలుగు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో రాసిపెడితే, ఆ గది విలాసపు గది కాక పనివాడి గది అవుతుంది. వస్తువులు అవే. ఒక్క దమ్మిడీ కొత్త సేకరణ అక్కరలేదు. మరొకటి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో బీదరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. కళాకారుడు సరిహద్దుకు అవతల, అతని తాతముత్తాతల పని ఇవతల. భాషారాష్ట్రాల కోసం పోరాడినవాళ్ళం గనుక ఆ విభజన సబబే అంటాను. కాని సంస్కృతికి సరిహద్దు గీయటంలో వచ్చే ఈ చిన్న నొప్పిని గుర్తించటం మన వాదానికి లోపం కాదు.

నాణేల గురించి ఒక్క మాట. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే సిముకుడి నాణేలు కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికాయి. వాటి ప్రాముఖ్యాన్ని పండితలోకానికి చాటినవాడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. కాని అంతకు ముందు ఆ నేల మీద తిరిగి వాటిని ఏరి భద్రపరచినవాడు సంగనభట్ల నరహరిశర్మ అనే స్థానికుడు. వంశవృక్షాలను నాణేలు సరిచేస్తాయని చరిత్ర విద్యార్థికి చెబుతాము. నాణెం మొదట ఎవరి చేతిలో పడిందో కూడా చెప్పాలి.

అసలు నేను చెప్పదలచినది బౌద్ధ శిలల దగ్గర వున్నది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వకాలలో బయటపడిన తోరణపు శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పోయి లోకప్రశంస అందుకున్నాయి. వార్తలు చదివి ఘనచరిత్రవాదులు సంతోషించారు, మనం మామూలుగా వూరుకున్నాము. అటువంటి స్తూపాలు కట్టినదెవరు? రాజులని పాఠ్యపుస్తకం. పేరులేని కూలీలని మన నినాదం. కృష్ణాతీరపు స్తూపాల మీది దానశాసనాలు తీసి చదివితే రెండూ సగం సత్యాలేనని తేలుతుంది. అమరావతిలో పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకం మీది శాసనం, దానిని దానం చేసినవాడు విధికుడనే చర్మకారుడని చెబుతుంది. తల్లి, భార్య, తోబుట్టువులు, బిడ్డలు, బంధువులు అందరితో కలిసి ఇచ్చాడు. రాతి మీద తన వృత్తిని దాచుకోలేదు. వర్తకులు, భిక్షుణులు, గృహిణులు కూడా అదే రీతిలో పేర్లు చెక్కించుకున్నారు.

చర్మకారుడు. ఈ మాటను తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీలో కూర్చునే కొందరు పిల్లల ముఖాలు ఎలా మారతాయో చూసినవాడిని గనుక దీనిని చిన్న విషయంగా వదలలేను. విధికుడు కూలీ కాడనీ, డబ్బున్న వృత్తిదారుడనీ, బౌద్ధ సంఘానికి దానం ఇవ్వగల స్థితి వున్నవాడనీ ఒప్పుకుంటాను. అతని కార్ఖానాలో పనిచేసినవాళ్ళ పేర్లు ఆ రాయి మీద కూడా లేవు. కాని తోలుపని చేసేవాడు ఊరి పవిత్రస్థలంలో తన పేరును, తన కులవృత్తిని, తన తల్లి పిల్లలను నిలబెట్టుకోగలిగిన కాలం ఒకటి ఈ తెలుగునేల మీద వుండింది. తర్వాత ఏమైంది? వర్తకం కుంగి, భూమి మీద అగ్రహారాలు, సామంతులు, గుడులు పెరిగి, అదే వృత్తివాడిని ఊరి వెలుపలకు ఎప్పుడు, ఏ మెట్ల మీదుగా నెట్టారు? ఇదీ నిజమైన ప్రశ్న. "పేర్లు లేవు" అని నిట్టూర్చితే ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. పేరు వుండి పోయింది అన్నప్పుడే పోగొట్టినవాడి కోసం వెతుకుతాము. అంటరానితనం అనాదిగా వున్నదని చెప్పే సనాతనుడికీ, చరిత్ర అంతా ఒకే చీకటి అని చెప్పే మన తొందరపాటు మిత్రుడికీ ఆ ఒక్క రాయి జవాబు చెబుతున్నది.

ఇటువంటి చూపుకు బయటి దేశాల్లో ఉదాహరణలు లేకపోలేదు. బెల్జియంలో గెంట్ అనే పాత ఫ్లెమిష్ నగరం వున్నది. యాత్రికులందరూ అక్కడ చూసేది నగరం నడుమనున్న మధ్యయుగాల ప్రభువుల కోట. ఆ కోటలో పందొమ్మిదవ శతాబ్దిలో నూలుమిల్లు నడిచింది, కార్మికులు కాపురమున్నారు. తర్వాత నగరపాలకులు దానిని కొని, మిల్లు ఆనవాళ్ళు తుడిచి, మధ్యయుగం మళ్ళీ కనపడేటట్టు బాగుచేయించి 1907లో జనానికి తెరిచారు. అంటే యాత్రికుడు చూసే ప్రాచీనత కొంత కొత్తగా కట్టినదే, కార్మికుడిని తీసివేసి కట్టినది. అదే నగరంలో ఒక పాత నూలుమిల్లునే పరిశ్రమల మ్యూజియంగా మార్చారు. ఇంగ్లండు నుంచి 1800 ప్రాంతంలో లీవెన్ బావెన్స్ దొంగతనంగా తెచ్చిన నూలు యంత్రం అందులో వున్నది. ఒకే ఊరు ఒక చోట శ్రమను చెరిపివేసింది, మరొక చోట నిలబెట్టింది. మనకూ మిల్లులు వున్నాయి. హైదరాబాదులో 1920లో మొదలైన దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, వరంగల్లులో 1934 నాటి ఆజంజాహీ మిల్లు. రెండూ మూతపడ్డాయి. వాటి యంత్రాలు పాత ఇనుము అయినప్పుడు మ్యూజియం అనే మాట మన కార్మిక సంఘాల నోటి నుంచి గట్టిగా రాలేదు. స్థలాల ధరల గురించి మాత్రం అందరూ మాట్లాడారు.

గేటు దాటి బయటికి వస్తే నగరమంతా మ్యూజియమే. చీటీలే లేవు. ఆబిడ్స్ అనే పేరు ఆరవ నిజాం దగ్గర కొలువుచేసి అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిడ్‌ది. ఆయన దుకాణం పోయింది, పేరు మిగిలింది. మఖ్దూం మొహియుద్దీన్, ఆయన మిత్రులు కూర్చుని వాదించుకున్న ఓరియంట్ హోటలు కూడా పోయింది. దాని పేరు మీద వీధి లేదు. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీ వున్నది. 1798లో అతని సైన్యాన్ని రద్దుచేయించి కంపెనీవాళ్ళు నిజాముకు సంకెల తగిలించారు. సైన్య సహకార సంధి గురించి పరీక్షకు బట్టీపట్టే మా విద్యార్థులు రోజూ ఆ దారినే సిటీబస్సులో పోతారు. ఆబిడ్స్ కాలిబాట మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల అంగళ్ళు మాత్రం నా దృష్టిలో ఈ ప్రాంతపు సజీవ ప్రదర్శనశాల. అక్కడ వస్తువును చేత్తో ముట్టుకోవచ్చు, బేరమాడవచ్చు, ఇంటికి తెచ్చుకోవచ్చు.

పబ్లిక్ గార్డెన్సుకు ఎదుట, గన్‌పార్కులో, 1969 తెలంగాణా ఉద్యమంలో తుపాకులకు బలైనవాళ్ళ స్థూపం వున్నది. ఎక్కా యాదగిరిరావు చెక్కినది. రాతి పీఠం మీద తూటా దెబ్బల వంటి గుంటలు, పైన తెల్లని పువ్వు. దానిని నేను మన ఆధునిక శిల్పాలలో ఉత్తమమైనవాటిలో ఒకటిగా ఎంచుతాను. ఎందుకంటే అందులో విగ్రహం లేదు, వీరుడి మీసం లేదు, నాయకుడి చెయ్యి లేదు. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది కుర్రవాళ్ళు, విద్యార్థులు. వాళ్ళకు మీసాలు చెక్కితే అబద్ధమయ్యేది. లోపల మ్యూజియంలో ఆయుధాల గది. కత్తుల పిడులు, వాటి నగిషీలు చూసి వచ్చినవాడు ఈ గుంటల ముందు ఒక్క నిమిషం నిలబడితే, ఆయుధం అనేది పిడి వైపు నుంచి ఎట్లా వుంటుందో, మొన వైపు నుంచి ఎట్లా వుంటుందో రెండూ తెలుస్తాయి.

కోఠీలో బ్రిటిషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించుకున్న భవనం చాలాకాలం మహిళా కళాశాలగా నడిచింది. 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పేరు పెట్టటాన్ని నేను ఆహ్వానిస్తున్నాను. కాని కర్క్‌పాట్రిక్ ప్రణయగాథ చెప్పటానికి భవనం వున్నది, స్తంభాలున్నాయి, చిత్రాలున్నాయి, ఉత్తరాలున్నాయి. పాలకుర్తిలో తాను పండించిన పంట విసునూరు దేశముఖు పాలు కాకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకున్న ఐలమ్మ కథ చెప్పటానికి అక్కడ పేరు వున్న బల్ల తప్ప ఏమి పెట్టగలము? వడిసెల, గుత్ప, ఆనాటి సంఘం రసీదు, గడ్డివాములో దాచిన కరపత్రం వంటివి నల్గొండ, వరంగల్లు పల్లెల్లో ఏ అటకల మీదనైనా ఇంకా వుండాలి. వాటిని వాడినవాళ్ళ తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళ పిల్లలు ముసలివాళ్ళయ్యారు. మన సంఘపు శాఖలున్న కళాశాలల విద్యార్థులు వేసవి సెలవుల్లో ఈ జాబితా మొదలుపెట్టవచ్చు. వస్తువు ఏమిటి, ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఇన్నాళ్ళు ఎవరు దాచారు అని ప్రతి పేజీలో నాలుగు గడులు గీసుకుంటే చాలు. వస్తువును ఇంటివాళ్ళ దగ్గర నుంచి తీసుకోనవసరం లేదు. ఫోటో తీసి, చెప్పిన మాటలు చెప్పిన యాసలోనే రాసుకుని, కింద చెప్పినవారి వేలిముద్రో సంతకమో తీసుకుని రావాలి.